రెండో భాగం: రాతప్రతి నుంచి పాఠకుల సభ దాకా

ఫాంటసీ నవల మొదటి భాగం రాసేటప్పుడున్న స్వేచ్ఛ రెండో భాగానికి వచ్చేసరికి ఉండదు. మొదటిసారి నది ఎటు పారాలో, మంత్రానికి ఎంత మూల్యం చెల్లించాలో అంతా మనిష్టం. ఒకసారి అచ్చయి జనం చేతిలో పడ్డాక ఆ నది అటే పారాలి, ఆ మూల్యం అంతే ఉండాలి. నా నవల రెండో భాగం మొదలుపెట్టినప్పట్నుంచి అది పుస్తకమై, పాఠకుల సభలు పూర్తయ్యేదాకా ప్రతి దశలోనూ నాకు ఎదురైంది ఈ ఒక్క విషయమే. పాఠకులకి గుర్తుంటుంది. మనం రాసి మర్చిపోయింది కూడా వాళ్ళకి గుర్తుంటుంది. సిరీస్ రాయాలనుకుంటున్నవాళ్ళు తరచుగా అడుగుతున్నారు కాబట్టి, ఏ దశలో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

కొత్త అధ్యాయం రాయడానికి ముందు మొదటి భాగాన్ని ఎవరో రాసిన పుస్తకంలా పెన్సిల్ పట్టుకుని చదివాను. కథ ఎలా ఉందన్నది పక్కన పెట్టి, ఎక్కడెక్కడ మాటిచ్చానో వెతకడమే పని. ఒక పాత్ర కళ్ళ రంగు చెప్పామంటే అది మాటిచ్చినట్టే. ఎడమ ముంజేతి మీద మచ్చ, తల్లి పేరు, ఒక ఊరికీ ఇంకో ఊరికీ మధ్య ఎన్ని రోజుల ప్రయాణం, కోతల పండగ ఏ రుతువులో వస్తుంది, ఇలాంటివన్నీ పేజీ నంబరుతో సహా ఒక ఫైల్లోకి ఎక్కించాను. రచయితలు దీన్ని సిరీస్ బైబిల్ అంటారు. ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి గానీ నాకు మామూలు స్ప్రెడ్‌షీట్ చాలింది.

అందులో నాకు బాగా అక్కరకొచ్చిన గడులు రెండు. ఒకటి, ఏ రహస్యం ఎవరికి, ఎప్పట్నుంచి తెలుసు అన్నది. పెద్ద నవలలో కళ్ళ రంగు తప్పితే ఒక వాక్యం మారిస్తే సరిపోతుంది. రాజు చనిపోయాడన్న కబురు ఇంకా తెలియని మనిషి ఆ కబురు తెలిసినట్టు మాట్లాడితే మాత్రం అధ్యాయాలకి అధ్యాయాలే కూలిపోతాయి. రెండోది, ఈ విషయం అచ్చులోకి వెళ్ళిందా, ఇంకా నా బుర్రలోనే ఉందా అన్నది. అచ్చులోకి వెళ్ళనిదాన్ని ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. ఏళ్ళ తరబడి మనసులో నానిన సంగతి అచ్చయిపోయినదానంత గట్టిగా అనిపిస్తుంది. అది నిజంగా పాఠకుడికి చెప్పామా లేదా అని చూసుకుంటే, సగానికి సగం ఇంకా మన చేతిలోనే ఉంటుంది. విలన్ అనుకున్న మనిషి గతాన్ని నేను పూర్తిగా మార్చగలిగింది ఈ గడి వల్లే.

ఇలాంటి నోట్సుకి ఎంత విలువుందో అమెరికన్ ఫాంటసీ రచయిత రాబర్ట్ జోర్డాన్ సిరీస్ విషయంలో లోకమంతా చూసింది. 1990లో మొదలైన 'ది వీల్ ఆఫ్ టైమ్' ముగియకుండానే ఆయన 2007లో చనిపోయాడు. ఆయన భార్య, ఎడిటర్ కూడా అయిన హారియెట్ మెక్‌డూగల్, మిగతా కథ పూర్తి చేసే పని బ్రాండన్ శాండర్సన్ అనే ఇంకో రచయితకి అప్పగించింది. జోర్డాన్ వదిలివెళ్ళిన నోట్సూ, రాసిపెట్టిన భాగాలూ ఉండబట్టే అది సాధ్యమైంది. చివరి సంపుటం 2013లో వచ్చింది. నా ఫైలు ఎవరికో అందాలని నేను రాసుకోలేదు. కానీ నేను తప్ప ఇంకెవరికీ అర్థం కాని పొడి అక్షరాలు అందులో ఉండకూడదని మాత్రం ఆ సంగతి తెలిశాకే నిర్ణయించుకున్నాను. ఒక్కో గడిలో పూర్తి వాక్యాలే రాస్తాను.

రాత గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పొద్దున్నే కూర్చుంటాను, ఫోన్ వేరే గదిలో ఉంటుంది. రోజుకి ఇన్ని మాటలని లెక్క పెట్టుకోను. ఒక సన్నివేశం మొదలుపెడితే అది ముగిసేదాకా లేవను. మధ్యలో ఆపితే మర్నాడు ఆ మనుషుల గొంతు మళ్ళీ దొరకబుచ్చుకోవడానికే సగం పూట పోతుంది. ఇది నా పద్ధతి మాత్రమే. లెక్క పెట్టుకుని రాసి నాకంటే మంచి పుస్తకాలు తెచ్చినవాళ్ళు బోలెడుమంది.

అసలు పని రాతప్రతి ఎడిటర్ చేతికి వెళ్ళాక మొదలైంది. మొదటి విడతలో అక్షరదోషాల జోలికి పోరు. కథ నిర్మాణం గురించి ఒక పొడుగాటి ఉత్తరం వస్తుంది. నాకొచ్చిన ఉత్తరంలో మెప్పులు ఒక పేరా, మిగతాదంతా ప్రశ్నలు. అందులో నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వని ప్రశ్న ఇది. "మీ కొండకోట ముట్టడి ఏడాది పాటు నడిచింది. ధాన్యం గాదెలున్నాయని చెప్పారు, బావులున్నాయని చెప్పారు. మరి ఉప్పు ఎక్కణ్నించి వచ్చింది?"

చూడటానికి చిన్న ప్రశ్న. ఉప్పు లేకపోతే మాంసం నిలవ ఉండదు, ఊరగాయలుండవు, పశువులు కూడా నీరసిస్తాయి. సముద్రానికి అంత దూరంలో ఉన్న కోటకి ఉప్పు రావాలంటే ఎవరో మోసుకురావాలి. ముట్టడిలో ఉన్న కోటలోకి మోసుకొస్తున్నారంటే ఒక దొంగదారి ఉండాలి. ఆ దారి ఉన్నట్టు శత్రువుకి తెలియకుండా ఉండాలి, లేదా తెలిసినా వాళ్ళలో ఎవరో డబ్బు తిని ఊరుకుంటూ ఉండాలి. ఈ ఆలోచన నుంచి ఉప్పు మోసే ఒక ముసలావిడ పుట్టుకొచ్చింది. రాతప్రతిలో లేని ఆ మనిషి, ఇవాళ రెండో భాగంలో పాఠకులు ఎక్కువగా మాట్లాడుకునే పాత్ర. ఎడిటర్ ఆమెను రాయమని చెప్పలేదు. ఉప్పు సంగతి అడిగి వదిలేశారంతే. మంచి ఎడిటర్ చేసే పని అదేనని నా నమ్మకం. ఖాళీ ఎక్కడుందో చూపిస్తారు, పూడ్చే పని మనకి వదిలేస్తారు.

మంత్రం గురించి కూడా అలాగే గుచ్చి గుచ్చి అడిగారు. నా కథలో మంత్రం వాడినవాళ్ళ ఒంట్లో వేడి తగ్గిపోతుంది. చిన్న మంత్రానికి వేళ్ళు చల్లబడతాయి, పెద్దదానికి ప్రాణమే పోవచ్చు. మొదటి భాగమంతా వేసవిలో జరిగింది కాబట్టి ఈ నియమానికి పెద్ద పరీక్ష రాలేదు. రెండో భాగం చలికాలం. "మంచు కురుస్తున్న రాత్రి అంత పెద్ద మంత్రం వేసినామె, వెంటనే కూర్చుని ఉత్తరం ఎలా రాసింది? వేళ్ళు వంగుతాయా?" అని మార్జిన్‌లో రాశారు. వంగవు. ఆ ఉత్తరాన్ని పక్కనున్న కుర్రాడి చేత రాయించాను. దాంతో ఆమె రహస్యం ఆ కుర్రాడికి తెలిసిపోయింది. అది మూడు అధ్యాయాల తర్వాత కథని ఇంకో దారి పట్టించింది. నియమాన్ని గట్టిగా పట్టుకుంటే కథ ఇరుకున పడుతుందని కొత్తగా రాసేవాళ్ళు భయపడతారు. నా అనుభవంలో నియమం దగ్గర రాజీపడిన చోటే కథ నీరసించింది, గట్టిగా నిలబడిన చోటల్లా కొత్త సన్నివేశం దొరికింది.

ఇదే ఊపులో ఆ ప్రపంచం గురించి కూడా మళ్ళీ ఆలోచించాల్సి వచ్చింది. ఒంటి వేడే మంత్రానికి ఇంధనం అయినప్పుడు మంత్రగాళ్ళ ఇళ్ళలో పొయ్యి ఆరకూడదు. వాళ్ళు పుష్టిగా తినాలి, ఉన్ని కప్పుకోవాలి. వేడినీటి బుగ్గలున్న ఊళ్ళ మీద పెత్తనం కోసం రాజ్యాలు కొట్టుకోవాలి. చలికాలంలో మంత్రగాళ్ళతో యుద్ధానికి ఏ సేనాపతీ దిగడు. ఇవేవీ వివరించి చెప్పనక్కర్లేదు. ఒక గదిలోకి అడుగుపెట్టగానే మూడు కుంపట్లు కనిపిస్తే పాఠకుడికి ఆ ఇల్లు ఎవరిదో తెలిసిపోతుంది.

రెండో విడత కాపీ ఎడిటింగ్. వాక్యం వాక్యం చూసే ఈ మనిషి వేరు, ఈ చూపు వేరు. కాపీ ఎడిటర్ పక్కన ఒక స్టైల్ షీటు ఉంటుంది. పుస్తకంలోని ప్రతి పేరూ అక్షరక్రమంలో, ఏ దీర్ఘంతో, ఏ ఒత్తుతో రాయాలో అందులో ఉంటుంది. పట్టాభిషేకం నాడు మొదలుపెట్టి కథలో ఏ రోజు ఏం జరిగిందో ఒక క్యాలెండరు కూడా ఉంటుంది. నా రాతప్రతిలో ఒక చోట అర్ధరాత్రి తూర్పున సన్నని నెలవంక పైకి లేస్తుంది. దాని పక్కన ఆవిడ రాసిన వ్యాఖ్య చదివి చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. శుక్లపక్షపు నెలవంక పొద్దుగూకగానే పడమట కనిపించి తొందరగా అస్తమిస్తుంది. కృష్ణపక్షపు నెలవంక తెల్లవారుజామున తూర్పున వస్తుంది. అర్ధరాత్రికి ఉదయించేది బహుళ అష్టమి ప్రాంతపు సగం చంద్రుడు. "మీ లోకంలో చంద్రుడి నడక వేరైతే సరే, అయితే మొదటి భాగంలో పున్నమి చంద్రుడు పొద్దుగూకే వేళకే లేచాడు, చూసుకోండి" అని రాశారు. ఆ సన్నివేశాన్ని తెల్లవారుజాముకి జరిపాను. గుర్రాల లెక్క కూడా ఆవిడే పట్టుకున్నారు. గుర్రం పొద్దంతా దౌడు తీయలేదు. మనిషినీ మూటలనీ మోస్తూ, నడకా పరుగూ కలిపి వెళ్తే రోజుకి 40, 50 కిలోమీటర్లు పోవడమే గొప్ప. మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిచి, కబురు ఇంకొంచెం ఆలస్యంగా అందేలా మార్పించారు.

అచ్చయిపోయాక మార్చుకున్నవాళ్ళు లేరా అంటే ఉన్నారు. టోల్కీన్ 'ది హాబిట్' 1937లో వచ్చింది. తర్వాతి నవలలో ఉంగరం సంగతి పూర్తిగా మారిపోయేసరికి, పాత పుస్తకంలో పొడుపుకథల పోటీ ఉన్న అధ్యాయాన్ని 1951 ముద్రణలో తిరగరాశాడు. అంతటితో ఆగకుండా, మొదటి ముద్రణలో ఉన్నది కథానాయకుడు బిల్బో తన స్నేహితులకి చెప్పిన అబద్ధమని కథలోనే సర్దిచెప్పాడు. పాత ముద్రణ చదివినవాళ్ళ జ్ఞాపకాన్ని కూడా కాదనకుండా కథలో కలుపుకున్న ఆ తీరు నాకు ఎంతో గౌరవం కలిగిస్తుంది. అయితే అంత పని పడకుండా చూసుకోవడమే మేలు.

మ్యాపు వేసే చిత్రకారుడితో కూర్చున్న రోజులు నాకు చాలా ఇష్టమైనవి. నేను గీసిచ్చిన చిత్తు గీతలు చూసి ఆయన ముందు నదుల సంగతి అడిగారు. నదులు కిందికి పోయేకొద్దీ ఒకదాంట్లో ఒకటి కలుస్తాయే తప్ప, మధ్యలో విడిపోయి రెండు సముద్రాలకి చెరో పక్కా పోవడం మామూలుగా జరగదు. సముద్రపు గాలి కొండల్ని తాకే వైపు వాన, అవతలి వైపు మెట్ట. ఇవి సర్దుకున్నాక అచ్చు సమస్యలు. మ్యాపు రెండు పేజీల మీద పరుచుకుంటుంది కాబట్టి మధ్యలో కుట్టు దగ్గర కొంత భాగం లోపలికి పోతుంది. రాజధాని సరిగ్గా ఆ మడతలో పడకూడదని మొత్తం ఖండాన్నే కొంచెం ఎడమకి జరిపారు. నలుపు తెలుపుల్లో, పుస్తకం సైజులో, ఊళ్ళ పేర్లు చదవగలిగేలా ఉండాలి కాబట్టి కథలో అడుగుపెట్టని ఊళ్ళన్నీ తీసేశారు. వాటిలో రెండు ఊళ్ళ పేర్లు నాకు ప్రాణం. అయినా తీసేశారు, బాగుంది.

ఆ తర్వాత డీటీపీ, ప్రూఫులు. కల్పించిన పేర్లున్న పుస్తకానికి ప్రూఫు దిద్దడం వేరే బాధ. స్పెల్ చెకర్‌కి ఆ పేర్లు తెలియవు. ఫాంటు మార్చేటప్పుడు ఒత్తులో వట్రుసుడో చెదిరితే, తెలిసిన మాటల్లో కంటికి ఆనుతుంది, కల్పించిన పేరులో అదే అసలు పేరేమోనని చదివేవాళ్ళు దాటిపోతారు. అందుకని పేర్ల వరకు విడిగా ఒక విడత చూశాం, ఒక్కో పేరునీ ఫైలంతా వెతికి. పుస్తకం 16 పేజీల ఫారాల లెక్కన అచ్చవుతుంది కాబట్టి చివరి ఫారంలో రెండు పేజీలే నిండితే మిగతావి తెల్లగా పోతాయి. పాత్రల పట్టిక వేయడానికి చోటు దొరికింది అలాగే. పేజీల సంఖ్య తేలితే గానీ పుస్తకం వెన్ను ఎంత మందం వస్తుందో తెలియదు. అది తేలితే గానీ అట్ట పూర్తి కాదు. ముఖచిత్రం గురించి నేను పట్టుబట్టింది ఒక్కటే, మొదటి భాగం పక్కన అలమరలో పెడితే వెన్నుల మీద పేరు ఒకే ఎత్తులో ఉండాలని. కొనుక్కుని దాచుకునేవాళ్ళకి అది చాలా పెద్ద విషయం.

ఆడియో పుస్తకం దగ్గర నేను ఊహించని చిక్కు వచ్చింది. గొంతునిచ్చే ఆమె రికార్డింగుకి ముందు పేర్ల జాబితా అడిగారు, నేను పలికి పంపాను. తర్వాత ఆమె ఫోన్ చేసి, "ముసుగు మనిషీ, రాజుగారి వైద్యుడూ ఒక్కరే కదండీ, ఇద్దరికీ ఒకే గొంతు పెడితే వినేవాళ్ళకి మొదటి మాటకే తెలిసిపోతుంది. వేరే గొంతులు పెడితే చివర్లో మోసం చేశానంటారు. ఏం చేద్దాం?" అన్నారు. కాగితం మీద ఈ సమస్యే లేదు. ఇద్దరం తర్జనభర్జన పడి, ముసుగు మనిషి మాటల్ని గుసగుసగా చదవాలని నిర్ణయించుకున్నాం. గుసగుసలో ఎవరి గొంతైనా సగం చెరిగిపోతుంది. ముసుగులో ఉన్నవాడు నెమ్మదిగా మాట్లాడటంలో వింత లేదు. మూడో భాగం రాస్తున్నప్పుడు ఇప్పుడు నా చెవి కూడా పని చేస్తోంది.

వార్తలు ఎప్పుడు చెప్పాలన్నది ఇంకో విద్య. విడుదల తేదీని ప్రచురణకర్త చెప్పేదాకా నోరు మెదపకూడదు. ముందు పుస్తకం పేరు, కొన్నాళ్ళకి ముఖచిత్రం, దాంతోపాటు ముందస్తు ఆర్డర్లు, ఆ తర్వాత మొదటి అధ్యాయం, ఇలా ఒక వరసలో బయటికి వస్తాయి. ముందస్తు ఆర్డర్లు చూసే మొదటి ముద్రణ ఎన్ని ప్రతులు వేయాలో ఒక అంచనాకి వస్తారు కాబట్టి, ఆ వారాల్లో పాఠకులు చూపించే ఆసక్తి పుస్తకం భవిష్యత్తుని నిజంగానే మారుస్తుంది. సమీక్షకులకి ముందుగా పంపే ప్రతుల మీద కొసమలుపు బయటపెట్టొద్దని మనవి రాసి పంపాం. అందరూ మాట నిలబెట్టుకున్నారు. వాళ్ళకి నా కృతజ్ఞతలు.

ఇక సభలు. ఈ సాహిత్యానికి పాఠకుల సభలంటే మొదట్నుంచీ పాఠకులు నడుపుకున్నవే. వరల్డ్‌కాన్ అనే ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభ 1939లో న్యూయార్క్‌లో మొదలైంది. యుద్ధం వల్ల 1942 నుంచి 1945 దాకా ఆగింది తప్ప, ఇప్పటికీ ఏటా జరుగుతూనే ఉంది, నడిపేది జీతం లేకుండా పనిచేసే అభిమానులే. 1953లో మొదలైన హ్యూగో అవార్డులకి ఓటు వేసేది కూడా ఆ సభ సభ్యులే, ఫాంటసీ పుస్తకాలకి కూడా అవి వస్తుంటాయి. నా పుస్తకానికి జరిగిన సభల్లో కూడా మంచిగా సాగినవి పాఠకులు పూనుకుని పెట్టినవే. వాళ్ళు పెట్టిన ఒక పద్ధతి అందరికీ చెప్పదగ్గది. సభ మొదట్లోనే, రెండో భాగం ఇంకా చదవనివాళ్ళు చేతులెత్తమన్నారు. సగం మంది ఎత్తారు. కొసమలుపు గురించి అడగాలనుకునేవాళ్ళకి చివర్లో విడిగా సమయం ఉంటుందనీ, చదవనివాళ్ళు అప్పుడు బయటికి వెళ్ళొచ్చనీ చెప్పారు. ఆ ఒక్క ఏర్పాటుతో అందరూ మనసు విప్పి మాట్లాడారు.

సభలో చదవడానికి ఏ భాగం ఎంచుకోవాలన్నది నాకు పెద్ద టెన్షన్. అందరూ మొదటి అధ్యాయం చదువుతారు. ఫాంటసీకి అది కుదరదు, కొత్త పేర్లన్నీ ఒక్కసారిగా వినేవాళ్ళ మీద పడతాయి. ఇద్దరే మనుషులున్న, సంభాషణ ఎక్కువున్న సన్నివేశం తీసుకున్నాను. వర్ణనలు కుదించి, చదవడానికి వేరే ప్రతి పెద్ద అక్షరాల్లో తీసుకున్నాను. ఉప్పు మోసే ముసలావిడ కోట గోడ దగ్గర కాపలావాడితో బేరమాడే సన్నివేశం అది. బేరం తెగకముందే ఆపేశాను. హాల్లో వెనక వరస నుంచి "అయ్యో!" అని ఒకాయన గట్టిగా అన్నారు. నాకు ఆ రోజంతా అది చాలు.

ప్రశ్నల దగ్గరే పాఠకుల జ్ఞాపకశక్తి ఎంతటిదో కళ్ళారా చూశాను. ఇంటర్ చదివే ఒకమ్మాయి నోటుబుక్కు పట్టుకుని లేచింది. పేజీ నిండా ఎడమ నుంచి కుడికి ఒక గీత, దాని మీద రెండు భాగాల్లో జరిగిన ముఖ్యమైన ఘటనలు, పైన ఎర్ర సిరాతో ఎవరెవరు ఎక్కడున్నారో. "అక్కా, రాణి చెల్లెలు మొదటి భాగంలో కనిపించకుండా పోయిన పదకొండు రోజులూ, రెండో భాగంలో ఉప్పు బామ్మ చెప్పిన పదకొండు రోజులూ ఒకటేనా?" అంది. ఒకటే. మూడో భాగమంతా ఆ పదకొండు రోజుల మీద నిలబడి ఉంది. నేను దాన్ని రెండు పుస్తకాల్లో చెరో వాక్యంగా దాచాను, ఇంతవరకు ఎవరూ అడగలేదు. అవునని చెప్తే కథ బయటపడుతుంది, కాదంటే అబద్ధం. "ఆ పేజీ చింపకుండా దాచుకో తల్లీ" అన్నాను. హాలంతా గొల్లుమంది. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు, కూర్చుని ఆ పదకొండు చుట్టూ గట్టిగా ఒక సున్నా చుట్టింది. పాఠకుల మీద నమ్మకంతో చిన్న చిన్న గుర్తులు వదిలిపెట్టే రచయితకి ఇంతకంటే సంతోషం ఏముంటుంది!

సంతకాల వరస గురించి ముందుగా తెలిస్తే మంచివి కొన్ని. పేరు చెవితో విని రాయకూడదు. వరసలో ఉండగానే చిన్న చీటీ మీద పేరు రాయించి పుస్తకంలో పెట్టించే మనిషి ఒకరుండాలి. పుస్తకాల మీద పెట్టే సంతకం, బ్యాంకు కాగితాల మీద పెట్టే సంతకం వేరువేరుగా ఉండటం క్షేమం. సిరా త్వరగా ఆరే పెన్ను వాడాలి, లేదంటే మూయగానే ఎదుటి పేజీకి అంటుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, మాట్లాడటానికి బెరుకుపడేవాళ్ళని మనమే పలకరించాలి. "ఎవరు నచ్చారు?" అని అడిగితే చాలు, నోరు విప్పనివాళ్ళు కూడా రెండు నిమిషాలు ఆపకుండా చెప్తారు.

పెద్ద సభలకంటే నాకు నచ్చింది చిన్న బల్ల చుట్టూ జరిగింది. వరల్డ్‌కాన్ లాంటి చోట్ల దీన్ని కాఫీక్లాచ్ అంటారు. ముందుగా పేరిచ్చుకున్న కొద్దిమంది పాఠకులు, ఒక రచయిత, వేదికా మైకూ ఏమీ ఉండవు. మా బల్ల దగ్గర ఒక నర్సు కూర్చున్నారు. మంత్రం తర్వాత ఒళ్ళు చల్లబడ్డ మనిషిని మంట పక్కన కూర్చోబెట్టి కాళ్ళూ చేతులూ గట్టిగా రుద్దారని నేను రాసిన చోటు చూపించి, "అలా రుద్దకూడదండీ. ఒళ్ళు బాగా చల్లబడ్డవాళ్ళని కదపకుండా పడుకోబెట్టాలి. ముందు ఛాతీ, మెడ వెచ్చబరచాలి, కాళ్ళూ చేతులూ కాదు" అని ఓపిగ్గా చెప్పారు. ఆ జ్ఞానం ఉన్న వైద్యుడు నా మూడో భాగంలో ఉంటాడు. పాతకాలపు వైద్యం చేసేవాళ్ళు రుద్దుతారు, అతను వద్దంటాడు, అక్కడ గొడవ మొదలవుతుంది. ఆవిడ చెప్పింది ఇంటికి రాగానే నా ఫైల్లోకి ఎక్కించాను, 'ఇంకా అచ్చుకాలేదు' అన్న గడిలో.

మూడో భాగం ఎప్పుడన్న ప్రశ్న ప్రతి సభలోనూ వచ్చింది. అడిగేవాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. మధ్యలో ఆగిపోయిన సిరీస్‌లు ఈ సాహిత్యంలో చాలానే ఉన్నాయి, డబ్బూ మనసూ పెట్టి చదివినవాళ్ళు అడగడంలో తప్పేం లేదు. ప్రస్తుతానికి కథ చివరి అధ్యాయం దాకా చిత్తుప్రతి ఉంది. ముట్టడి తర్వాతి భాగాన్ని తిరగరాస్తున్నాను. అది ఎడిటర్ దగ్గరికి వెళ్ళి, మొదటి ఉత్తరం వచ్చి, అందులోని ప్రశ్నలకి జవాబులు దొరికాక తేదీ చెప్తాను. ఈలోగా రెండో భాగం రెండో ముద్రణకి వెళ్తోంది. మొదటి ముద్రణలో అక్షరదోషాలు ఎక్కడైనా కనిపించి ఉంటే పేజీ నంబరుతో సహా ప్రచురణకర్తకి రాసి పంపండి, ఫారాలు అచ్చుకి వెళ్ళేలోపు సరిచేస్తాం.